వెనక సీటు కింద

పదకొండేళ్లుగా నా మీద ఒక బరువుంది. అది ఒక కారు వెనక సీటు. నిజానికి పెద్ద బరువేమీ కాదు, ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. నేను ఎత్తాను. కింద ఉన్నది చూశాను. చూసి, ఎలా ఉన్న సీటును అలా మళ్ళీ పెట్టేశాను. ఆ పెట్టేయడం ఉంది చూశారూ, ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది దాన్నే.

నా పేరు చెప్పను. నరసన్నపేట దగ్గర హైవే పక్కన మాకో మెకానిక్ షెడ్డు ఉందని మాత్రం చెప్తాను. అప్పట్లో అది మా బావది. బావంటే మా అక్క భర్త. స్పానరు పట్టుకోవడం దగ్గర్నుంచి నాకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు షెడ్డు బోర్డు మీద నా పేరుంది. ఏకై వచ్చి మేకై కూర్చున్నానని ఎవరైనా అంటే కాదనలేను.

ముందు నా గుణం చెప్పాలి. లేకపోతే తప్పు ఎక్కణ్నుంచి పుట్టిందో మీకు తెలియదు. నాకు ఫాల్టు వెతకడమంటే పిచ్చి. బాగా నడిచే కారుతో నాకు పనిలేదు. ‘ఏమైందో తెలియట్లేదు, నలుగురికి చూపించాం’ అంటూ ఎవరైనా వస్తే మాత్రం నాకు పండగే. ఒంట్లో ఎక్కడలేని చురుకూ పుడుతుంది. అన్నం సయించదు. పెట్రోలు ఇంజెక్షన్ బండైతే మరీను, ఎందుకంటే అందులో తప్పు కంటికి కనబడదు. ట్యాంకులో ఒక పంపు ఉంటుంది, అది పెట్రోలును ఒత్తిడితో ముందుకు తోస్తుంది. ఇంజెక్టర్లు దాన్ని సన్నటి తుంపరగా ఇంజనులోకి చిమ్ముతాయి. ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు చెప్తుంది. ఆ కంప్యూటరుకి నాలుగైదు సెన్సర్లు కబుర్లు మోస్తుంటాయి. వీళ్ళలో ఎవరో ఒకరు దొంగ. ఎవరు? ఆ ప్రశ్న వేసుకున్న క్షణం నుంచి జవాబు దొరికేదాకా నా కాళ్ళు నేల మీద ఉండవు.

బావది వేరే దారి. ఆయన కార్బురేటర్ల కాలం మనిషి. ఆయన దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొన ఇంజెక్టరు మీద ఆనించి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. టిక్ టిక్ టిక్. నాలుగు ఇంజెక్టర్లకీ నాలుగు గొంతులుంటాయట. మూడోదానికి జలుబు చేసిందనేవాడు. విప్పితే మూడోదే పూడిపోయి ఉండేది. నేను విశాఖలో నెల్లాళ్ళు నేర్చుకుని, బండి కంప్యూటరు చెప్పేది చదివే స్కానరు కొని తెచ్చినప్పుడు కూడా ఆయన దాన్ని వెక్కిరించలేదు. తిప్పి తిప్పి చూసి, మంచిదే, రెండూ ఉండనీ అన్నాడు. వెక్కిరించి ఉంటే బాగుండేది. నాకో సాకు దొరికేది.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. బావ పెట్టిందే. కొరుకుడు పడని బండి వస్తే, ఏదీ విప్పకముందే ఎవరికి ఎక్కడ అనుమానమో అక్కడ వాళ్ళ పనిముట్టు పెట్టాలి. అందరూ చూస్తుండగా పెట్టాలి. ఒకసారి పెట్టాక మాట మార్చడానికి లేదు. చివరికి ఎవరి మాట నిజమైతే వాళ్ళు బోనెట్ మూయాలి. అంతే, అదే బహుమతి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. కానీ ఎదురుగా టాక్సీ స్టాండు. డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి గోడ వారగా నిలబడేవారు. వాళ్ళ ముందు ఆ బోనెట్ ధడాలున మూయడం కోసం నేను ఏమైనా చేసేవాణ్ని. చేశాను కూడా.

ఆ కారు నూకాలక్కది. పేరు మార్చాను, మనిషిని మార్చలేదు. సముద్రపు ఒడ్డు ఊరి మనిషి. తెల్లవారుతూనే పడవల దగ్గర చేపలు కొని, ఐసేసి, థర్మోకోల్ పెట్టెల్లో సర్ది, బొబ్బిలి దాకా తనే కారు నడుపుకుంటూ వెళ్ళి అమ్ముకొచ్చేది. పాత పెట్రోలు కారు. వారం రోజులుగా అది ఆవిడ ప్రాణం తీస్తోంది. పొద్దున్నే చక్కగా స్టార్టవుతుంది. అరగంట నడిచాక, ఎండెక్కాక, ఎత్తు ఎక్కేటప్పుడు ఈడ్చి ఈడ్చి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. నేను స్కానరు పెట్టాను. ఇంజనుకి పెట్రోలు చాలడం లేదని చూపించింది. ఇంజెక్టర్లు పూడిపోయాయన్నాను. విప్పి, కడిగి బిగించాను. మర్నాడు పొద్దున్న అది చేపలతో సహా దారిలో ఆగిపోయింది. ఆవిడ కారును లారీకి కట్టించి మా షెడ్డుకే లాక్కొచ్చింది. ఐసు కరిగిపోయి, సరుకు పాడైపోయి ఉంది. అంతమందిలో నన్ను పట్టుకుని అడగాల్సినవన్నీ అడిగేసింది. న్యాయమే కదా.

సరిగ్గా అప్పుడు బావ లేచాడు. అంతవరకూ ఆ బండిని ఆయన ముట్టుకోలేదు, నా చేతిలో ఉన్న బండి కాబట్టి. ఇంజను దగ్గరికి వెళ్ళలేదు. వెనక తలుపు తీసి లోపల కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు మొన సీటు పక్కన రేకుకి ఆనించి, నూకాలక్కని తాళం తిప్పమన్నాడు, స్టార్ట్ చేయొద్దన్నాడు. తాళం తిప్పగానే ఆ సీటు కిందున్న ట్యాంకులో పంపు రెండు సెకన్లు జుయ్‌మంటుంది, అది మామూలే. ఆయన నాలుగుసార్లు తిప్పించాడు. తర్వాత వంగి సీటు వాసన చూశాడు. డ్రైవర్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. ఆయన దిగొచ్చి, పంపు మంచిదేనని, దానికి కరెంటు చాలడం లేదని, ఉప్పు నీళ్ళు దిగి సీటు కింద ఎర్తు వైరు తిన్నాయని చెప్పాడు. చెప్పి, ఆచారం ప్రకారం తన స్క్రూడ్రైవరు వెనక సీటు మీద పెట్టాడు. నేను స్కానరు తీసుకెళ్ళి ఇంజను మీద పెట్టాను.

ఆ తర్వాత నేనన్న మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది. ఇంజను ముందుంటే బావ చేపల కంపులో ఫాల్టు వెతుకుతున్నాడన్నాను. కార్బురేటర్ల కాలం అయిపోయింది బావా అన్నాను. గోడ వారగా ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. బావ కూడా కొంచెం నవ్వాడు. ఆయనకి భయం లేదు. సీటు విప్పితే తేలిపోతుంది కదా.

మధ్యాహ్నం అయింది. అందరూ భోజనాలకి వెళ్ళారు. నూకాలక్కని మా అక్క బలవంతాన ఇంటికి తీసుకెళ్ళింది. ఆకలి లేదని నేను ఉండిపోయాను. నిజంగానే లేదు. బావ తప్పని రుజువు చేయాలని సీటు విప్పాను. అవును, మొదట అందుకే. స్క్రూడ్రైవరు తీసి పక్కన పెట్టి, సీటు ఎత్తి, పంపు మీది మూత తెరిచాను. పంపుకి కరెంటు ఇచ్చే ప్లగ్గు లాగాను.

ఒక్క పిన్ను పచ్చగా ఉంది. చిలుం పట్టి, చుట్టూ ప్లాస్టిక్ వేడికి కమిలి ఉంది. ఎర్తు పిన్ను!

నాకు ఎంత ఆనందం వేసిందో ఎలా చెప్పను? దాన్ని చూస్తుంటే మొత్తం కథ కళ్ళ ముందు తిరిగిపోయింది. చేపల పెట్టెల నుంచి ఉప్పు నీరు కారుతుంది, సీటులోంచి దిగుతుంది, పిన్నుని తింటుంది. చల్లగా ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తుంది. అరగంటకి అది వేడెక్కి కరెంటుని ఆపుతుంది, పంపు నీరసిస్తుంది, పెట్రోలు ఒత్తిడి పడిపోతుంది, స్కానరు పెట్రోలు చాలడం లేదని ఏడుస్తుంది. స్కానరు అబద్ధం చెప్పలేదు! అది చెప్పింది నిజమే, నేను అర్థం చేసుకున్నదే తప్పు. ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. చూశారా, తప్పు ఒప్పుకోడానికి కూర్చుని మళ్ళీ ఫాల్టులో పడిపోయాను. ఇప్పుడు కూడా రాస్తుంటే కలం ఉరుకుతోంది, సిగ్గుతో అని చెప్తే నమ్మకండి. కొంత సంతోషం ఉంది ఇందులో. అదే నా రోగం.

అంత సంతోషంలో ఒక్క మాట మాత్రం నాకు గుర్తు రాలేదు. అది నేను పట్టింది కాదు. లేదు, గుర్తొచ్చింది. ఎందుకు అబద్ధం? గుర్తొచ్చిన క్షణమే సంతోషం సగం చచ్చింది, మిగిలిన సగాన్ని బతికించుకోవడానికే మిగతాదంతా చేశాను. పిన్ను మార్చాను. వైరు గీకి శుభ్రంగా అతికాను. మూత పెట్టాను. సీటు బిగించాను. స్క్రూడ్రైవరు ముందు ఏ వైపు తిరిగి ఉందో అదే వైపు తిప్పి పెట్టాను. ఆ ఒక్కటి తలుచుకుంటే చాలు, నేను తెలిసి చేశానో తెలియక చేశానో ఇక వాదించడానికేమీ ఉండదు. తర్వాత తుక్కు డబ్బాలోంచి వేరే బండిదొక పాడైన ఇంజెక్టరు తీసి, గుడ్డతో తుడిచి జేబులో వేసుకున్నాను.

అందరూ వచ్చాక ఆ ఇంజెక్టరు చూపించాను. ఇదిగో దొంగ, వేడెక్కితే నోరు మూసేస్తోంది, నిన్న కడిగితే దొరకలేదు, ఇప్పుడు దీన్ని మార్చాను అన్నాను. ఇంజను మీది స్కానరు తీసి, నూకాలక్కని ఎక్కించుకుని, ఏసీ వేసి, టోల్‌గేటు దాటి ముప్పావుగంట తిప్పుకొచ్చాను. కారు ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. తిరిగొచ్చి బోనెట్ ఎత్తి, అందరూ చూస్తుండగా ధడాలున మూశాను. డ్రైవర్లు ఈలలు వేశారు.

బావ వెనక సీటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

“సీటు ఇప్పి సూసేవా?”

“సూసేను బావా. ఏటీ నేదు. పిన్నులన్నీ శుభ్రంగా ఉన్నాయి.”

ఆయన స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. కాసేపు దాన్నే చూశాడు.

“మరి నాకు అలాగెందుకు ఇనిపించినాది?”

ఎవరో మళ్ళీ నవ్వారు.

“సెవి పోనాది కావాల,” అన్నాడు బావ.

అంతే. నేను కొట్టలేదు, తిట్టలేదు, ఆయన ఆస్తి లాక్కోలేదు. నా మీద కేసు పెట్టడానికి ఏ చట్టమూ లేదు. కానీ ఆ రోజు తర్వాత బావ ఏ బండి మీదా పనిముట్టు పెట్టలేదు. రెండు వారాల తర్వాత మా అక్క చెప్పింది, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకున్నాడట. చెవులు కుర్రాడి చెవుల్లా ఉన్నాయని డాక్టరు చెప్పాడట. ఆ డాక్టరుకి ఇంజను ఏం తెలుసని బావ అన్నాడట. అక్క నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. దొంగకి తేలు కుట్టినట్టు, నవ్వక ఏం చేయను?

ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లో నన్ను నేనే అడిగాను. మొదటి వారం, కొంచెం చల్లారనీ అనుకున్నాను. మొదటి ఏడాది, ఆయనే మర్చిపోతాడనుకున్నాను. తర్వాత నా పేరు చుట్టుపక్కల పాకింది, ఎక్కడెక్కడి బండ్లో వచ్చాయి, ఆ నమ్మకం మీదే నేను నిజంగానే మంచి మెకానిక్కునయ్యాను, ఇక చెప్తే కట్టిందంతా కూలుతుందనిపించింది. బావ ఆయిలు మార్చడం, బ్రేకులు సరిచేయడం వరకే మిగిలాడు. తర్వాత బోర్డు మీద నా పేరు రాయించమన్నది కూడా ఆయనే. ఎవరైనా ఇంజను శబ్దం గురించి అడిగితే, మా బామ్మర్దిని అడగండి, ఆడి మిషను సెప్తాది అనేవాడు. వెటకారం కాదు. గౌరవంగానే అనేవాడు. గురువుకే పంగనామం పెట్టినవాడికి ఆ గౌరవం ఎంత కారంగా ఉంటుందో మీకెలా చెప్పను?

పోయిన నెలలో ఒక కారు వచ్చింది. మూడు రోజులు నన్ను ఏడిపించింది. నాలుగో రోజు దొరికింది, సన్నటి గొట్టానికి పగులు, గాలి లాగేస్తోంది. ఎగిరి గంతేశాను. వెనక్కి తిరిగి చూస్తే బావ ముఖంలో ఆశ్చర్యం లేదు. అనుమానం వచ్చి అడిగాను, నీకు ముందే తెలుసా అని. మొదటి రోజే బుస వినిపించిందట. మరి చెప్పలేదేమన్నాను. తనకి వినిపించింది నిజంగా ఉందో లేదో ఎవడికి తెలుసు, ఊరికే నలుగురి ముందు నవ్వులపాలవడం దేనికన్నాడు. అంటూనే చేతులు తుడుచుకుని బ్రేకు డ్రమ్ము ముందు కూర్చున్నాడు.

ఆయన చెవి బాగానే ఉంది. పదకొండేళ్లుగా బాగానే ఉంది. వినిపిస్తున్నా వినబడనట్టు, ఆ షెడ్డులో, నా పక్కనే, రోజూ!

మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తకముందే చెప్పేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక సీటు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. బావ కదలకుండా విన్నాడు. నేను తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను, కొడితే బాగుండుననే అనుకున్నాను. ఆయన మొదట అడిగిందేమిటో తెలుసా? ఏ పిన్ను అని. ఎర్తుదే అన్నాను. ప్లాస్టిక్ కమిలిందా అన్నాడు. కమిలిందన్నాను. ఆ ఒక్క క్షణం ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు బాగా తెలిసిన వెలుగే అది. ఆ మధ్యాహ్నం ఆ సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేను అనుభవించింది ఆయనదే. ఆయన దాన్ని పదకొండేళ్లు ఆలస్యంగా, షట్టరు మూసిన షెడ్డు ముందు, ఒక్క క్షణం మాత్రమే అనుభవించాడు.

తర్వాత ఆ వెలుగు పోయింది.

“ఒరే, నాకు సెప్పి ఏటి లాభం?” అన్నాడు. “నీ ఒక్కడి ముందేనా నాను నవ్వులపాలైనాను? ఎల్లి ఆ స్టాండు కాడ సెప్పు.”

వెళ్ళాను. అప్పుడే వెళ్ళాను, ఆగితే మళ్ళీ ఆగిపోతానని తెలుసు. ఎనిమిది మంది దాకా ఉన్నారు. ఆ రోజు నవ్వినవాళ్ళలో ముగ్గురు ఇంకా అక్కడే బండ్లు నడుపుతున్నారు. నూకాలక్క కారు, వెనక సీటు, తుక్కు డబ్బాలోని ఇంజెక్టరు, అంతా చెప్పాను. ఫాల్టు పట్టింది బావ, దొంగిలించింది నేను అన్నాను. బావ రోడ్డుకి ఇవతల నిలబడి వింటున్నాడు.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన నిజంగా గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాడు పాపం. నుదురు రుద్దుకున్నాడు.

“ఏ కారు, బావూ?” అన్నాడు.

ఎవరికీ గుర్తు లేదు. నవ్విన సంగతే గుర్తు లేదు. ఇంకొకాయన, పాత సంగతులు ఇప్పుడెందుకు, టీ తాగు అని గ్లాసు అందించాడు. నేను వెనక్కి తిరిగేసరికి బావ లేడు. ఇంటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చాడు, ఎప్పటిలాగే ఆయిలు మార్చాడు. నన్ను క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. అక్కకి చెప్పాడో లేదో తెలియదు, నేను అడగలేదు. ఏదైనా బండి వస్తే నా వైపు చూస్తాడు, ఆ చూపులో ఏముందో పట్టుకునే మిషను నా దగ్గర లేదు.

వాళ్ళంతా మర్చిపోయిన ఒక్క రోజు కోసం ఆయన తన చెవిని నమ్మడం మానేశాడు. ఆ నమ్మకాన్ని తిరిగి ఇవ్వాలంటే ఎవరికో ఒకరికి ఆ రోజు గుర్తుండాలి కదా? అందుకే మీకు చెప్తున్నాను. నా పేరు మీకు అనవసరం. చెప్పేశాక నాకు భయం తగ్గలేదు, సిగ్గు తగ్గలేదు, ఊపిరి మాత్రం నిండుగా ఆడుతోంది. మీరిప్పుడు ఆ గోడ వారగా నిలబడి ఉన్నారనుకుని, గట్టిగా, అందరికీ వినపడేలా చెప్తున్నాను, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి చాలు. ఆ కారు ఫాల్టు పట్టుకున్నది మా బావ. నేను కాదు.